పెన్సిలిన్‌ను తెంచి, అతికించే ఎంజైము

పెన్సిలిన్ జి బూజును పులియబెట్టి తీసే మందు. దాని నుంచి అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ చేయాలంటే ముందు పక్క గొలుసును తెంచి, 6-ఏపీఏ అనే మూల భాగాన్ని వేరుచేయాలి. కష్టమంతా ఇక్కడే. లోపలి బీటా లాక్టమ్ వలయం సున్నితమైనది. అది విరిగితే మందు పనిచేయదు. పాత రసాయన పద్ధతికి మైనస్ 40 డిగ్రీల చలి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో పాటు డైక్లోరోమీథేన్ వంటి ద్రావకాలు కావాల్సి వచ్చేవి. ఈ.కోలై బ్యాక్టీరియాలో దొరికే పెన్సిలిన్ అసైలేజ్ ఎంజైము అదే పనిని నీటిలోనే, దాదాపు మన ఒంటి వేడి దగ్గర చేసేస్తుంది. వలయాన్ని ముట్టుకోదు. ఎంజైమును సన్నని పూసలకు అంటిస్తే, ఒక విడత కాగానే వడకట్టి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఖర్చు తగ్గడానికి ఇది పెద్ద కారణం. కొత్త గొలుసు అతికించి అమాక్సిసిలిన్ చేయడానికీ ఇదే ఎంజైము పనికిరావడం నిజంగా అబ్బురమే. అయితే తయారైన మందును కూడా అది తెంచేయగలదు. అందుకే మందు స్ఫటికాలుగా వేరుపడేలా చూసి, సరైన సమయానికి చర్యను ఆపేస్తారు.