అటక మీది తుపాకి

కృష్ణాడెల్టాలోని పాత లోగిళ్ళలో పండుగకు ముందు అటకలు దులుపునప్పుడు ఒక్కొక్కచోట ఒక వింతవస్తువు బయటపడుచుండును. పాతగోనెలో చుట్టి దూలమునకు ఆనించిన పొడవైన ఇనుపగొట్టము. దానికి పురుగు తొలిచిన కొయ్యదిమ్మ. తాతగారి నాటి తుపాకి యని పెద్దవారు చెప్పుదురు. వెంటనే ఇంటిలో మూడు ఆలోచనలు బయలుదేరును. పాత ఇనుము కొనువానికి ఇచ్చివేయుదమని ఒకరు, బందరు కాలువలో పడవేసిన పీడ విరగడ యగునని మరియొకరు, చక్కగా తోమి సావడిలో గోడకు తగిలించిన అందముగా నుండునని వేరొకరు అందురు. ఈ మూడును తగిన పనులు కావు. ఎందుకు కావో, తగిన పని ఏదో విన్నవించుటయే ఈ ప్రసంగమునందు మా ఉద్దేశము.

అసలు ఈ తుపాకులు మన ప్రాంతమునకు ఎట్లు చేరినవి? మనకు సముద్రపుటొడ్డున బందరు రేవు కలదు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను అచ్చట వర్తకస్థానములు ఏర్పరచుకొనిరి. కలంకారీ వస్త్రములు ఓడలకెక్కిన రేవుననే తుపాకులు ఓడలు దిగినవి. ఫ్రెంచివారి చేతనున్న బందరు కోటను 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రివేళ ఎక్కి పట్టుకొనెను. 1766లో కొండపల్లి దుర్గము కుంఫిణీ వారి వశమైనది. దండులు వచ్చినవి, పోయినవి. కాలము చెల్లిన సైనికాయుధములు దివాణములకు, ఠాణాలకు, కావలివాండ్ర చేతులకు దిగినవి.

ఆనాటి తుపాకికి మందును, గుండును గొట్టపు నోటి నుండియే దట్టింపవలెను. మీట నొక్కగానే గుర్రము ముందుకు దూకును. దాని నోటనున్న చెకుముకిరాయి ఉక్కురేకునకు రాచుకొని నిప్పు రాలును. ఆ నిప్పు పళ్ళెములోని మందునకు అంటుకొని గొట్టములోనికి పాకును. కుంఫిణీ సిపాయిలు మోసిన 'ఇండియా నమూనా' తుపాకికి గొట్టపు పొడవు 39 అంగుళములు, నోటి వెడల్పు ముప్పాతిక అంగుళము. ఫ్రెంచివారి సైనిక తుపాకి నోరు అంతకు సన్ననిది, సుమారు 0.69 అంగుళము. కావున గొట్టపు నోటిని జాగ్రత్తగా కొలిచినచో, ఆ తుపాకి ఏ దండుతో వచ్చినదో ఊహించుటకు మొదటి ఆధారము దొరకును.

1840 ప్రాంతమున చెకుముకిరాయి పోయి రాగిటోపీ వచ్చినది. పాత తుపాకులను పారవేయక, గుర్రమును మార్చి టోపీ పెట్టు మొలకను అమర్చి వానినే వాడిరి. తరువాత 1853 నాటి ఎన్‌ఫీల్డు వచ్చినది. దీని గొట్టము లోపల మెలికచాళ్ళు ఉండును. గుండు వానివెంట తిరుగుచు బయటికి వచ్చుటచే గురి తప్పక దూరముగా పోవును. 1857లో కార్చిచ్చు రగిలించినది ఈ తుపాకి తూటాయే. ఆ తిరుగుబాటు అణగిన పిమ్మట దొరతనమువారు భారతీయ సిపాయిలకు అదే రూపముగల తుపాకిని ఇచ్చిరి గాని, లోపలి చాళ్ళను తీసివేసి నునుపు చేసి ఇచ్చిరి. చూచుటకు రెండును ఒకటే, గురిలో హస్తిమశకాంతరము. ఒక ప్రభుత్వము తన సిపాయిలను ఎంతవరకు నమ్మినదో ఆ గొట్టములోనికి తొంగి చూచినచో తెలియును.

ఆ పద్ధతి తరువాతను సాగినది. 1866లో స్నైడరు, 1871లో మార్టినీ-హెన్రీ, అటుపిమ్మట .303 తుపాకులు వచ్చినవి. ఆంగ్ల సైనికునకు కొత్తది వచ్చినప్పుడు భారతీయ సైనికునకు పాతది దక్కెడిది. అదియును కాలము చెల్లినచో పోలీసువారికి దిగెడిది. కలకత్తా సమీపమున ఇషాపూరులో 1904లో తుపాకుల కర్మాగారము నెలకొన్నది. అచ్చట తయారైన .303 లీ-ఎన్‌ఫీల్డు రెండు ప్రపంచయుద్ధములను చూచినది. వానిలో కొన్నిటి గొట్టములను నునుపు చేసి, .410 తూటాకు తగినట్లు మార్చి, ఒకమారునకు ఒకే దెబ్బ పేలునట్లు చేసి కావలివారికి ఇచ్చిరి. తుపాకి దొంగిలింపబడినను సైన్యపు తూటా దానిలో పేలకుండవలె నను జాగ్రత్త అది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను .303 తుపాకి మన ఠాణాలలో దశాబ్దముల తరబడి కొలువు చేసినది. ఉత్తరప్రదేశ పోలీసువారు దానికి 2020 గణతంత్రదినోత్సవ కవాతుతో వీడ్కోలు పలికిరి.

ఇంత చరిత్రను ఆ ఇనుపముక్క ఎట్లు చెప్పును? దాని మీది ముద్రలే చెప్పును. హృదయాకారమున ఒక గుర్తు, దానిలో నాలుగు గదులు, గదికొక ఆంగ్లాక్షరము ఉన్నచో అది ఈస్టిండియా కుంఫిణీ వారిది. ముందుకాలెత్తి నిలిచిన సింహమున్నచో అదియును కుంఫిణీదే. 1808 ప్రాంతము నుండి వారు హృదయపు గుర్తునకు బదులు సింహమును వేసిరి. కిరీటమున్నచో రాణిగారి లేక రాజుగారి కొలువు. ఇషాపూరు తుపాకి మీద కిరీటమునకు మారుగా అశోకస్తంభపు సింహములున్నచో అది స్వతంత్రభారతము నాటిది. కొయ్య మీద దళపు గుర్తులు, ఇనుము మీద అంకెలు ఉండును. గొట్టము మీది అంకెయు, తాళపుభాగము మీది అంకెయు సరిపోయినచో ఆ రెండును పుట్టినది మొదలు కలిసియున్నవని అర్థము. సరిపోనిచో ఎప్పుడో ఏ కర్మశాలలోనో అతుకు పడినదని అర్థము. అతుకు పడుట లోపము కాదు, అదియు చరిత్రయే.

తుపాకికి లెక్క ఎంత ముఖ్యమో మన్యపు కథ చెప్పుచున్నది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులను, తూటాలను తీసికొనిపోయెను. తీసికొనినదేమో ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి మరీ పోయెనని చరిత్రకారులు చెప్పుదురు. ఏలినవారి తుపాకి లెక్క చెప్పకుండ కదలరాదను నియమమును ఆ వీరుడు ఏలినవారికే అప్పగించెను.

ఇక మా తప్పును మేము ఒప్పుకొనవలెను. చాలకాలము క్రిందట ఒక పాత తుపాకి మా చేతికి వచ్చినది. ఇత్తడి భాగములకు చింతపండు పులిమితిమి; ఇనుమునకు ఇటుకపొడి, గరుకుకాగితము పట్టించితిమి. రెండుదినములలో అది అద్దమువలె మెరసినది. చూచిన వారందరు మెచ్చుకొనిరి. తరువాత ఒక పెద్దవారు వచ్చి, తాళపురేకును వెలుతురునకు వంచి చూచి, ఇచ్చట ఒక గుర్తు ఉండెడిది గదా యని అడిగిరి. హృదయపు గుర్తులో సగము మాత్రము నీడవలె మిగిలియున్నది. వంద సంవత్సరముల తుప్పు చేయలేని పనిని మేము రెండుదినములలో చేసితిమి! శుభ్రపరచుట వేరు, కొత్తదానిగా చేయుట వేరు అని ఆనాడు మాకు తెలిసినది.

కావున వరుస తెలిసికొందము. మొట్టమొదటి పని తుడుచుట కాదు. తుపాకి నిండియున్నదా యని చూచుట. నోటి నుండి దట్టించు తుపాకులలో వెనుకటి మందు అట్లే యుండిపోయినవి నేటికిని బయటపడుచున్నవి. నల్లమందు తడిసినను ఆరిన పిమ్మట అంటుకొనగలదు. గొట్టమును ఎవరి వంకకును త్రిప్పక, పిల్లలను దూరముగా నుంచి, తుపాకుల సంగతి తెలిసినవారిచే పరీక్ష చేయింపవలెను. నిండియున్నదని అనుమానము కలిగినచో తామై తీయబూనక పోలీసువారికి తెలుపవలెను.

రెండవపని వ్రాసికొనుట. ఎక్కడ దొరకినది, ఎవరిది, ఏ గుర్తులున్నవి అను వివరములతో ఒక పుస్తకము పెట్టి ఛాయాచిత్రములు తీయవలెను. ఇంటి పెద్దలు చెప్పిన మాటలనుకూడ వారి పేరుతోనే వ్రాసికొనవలెను. ఇనుము వంద సంవత్సరములు ఆగును గాని జ్ఞాపకము ఆగదు.

మూడవది తుప్పు. తుప్పులో రెండు తెగలు కలవు. వ్రేలికి అంటుకొనుచు, పొడివలె రాలు ఎర్రతుప్పు ఇంకను ఇనుమును తినుచున్నది. గట్టిపడి నలుపు తిరిగిన పాతపొర చాలవరకు నిలిచిపోయినది, దానిని కదల్పరాదు. ఎర్రతుప్పునకు పలుచని నూనె పట్టించి కొన్ని గంటలు నానవిడిచి, మెత్తని గుడ్డతోను, వెదురుపుల్లతోను మెల్లగా తీయవలెను. గరుకుకాగితము, తిరుగుడు యంత్రము, పులుపు పదార్థము దగ్గరకు రానీయరాదు. ఇనుము మీది గోధుమరంగో నీలపునలుపో తుప్పు కాదు. తయారుచేసినవారు కోరి పట్టించిన పూత. దానిని గోకివేసినచో తిరిగి రాదు.

గొట్టము లోపలి భాగమునకు మరియొక కారణముచే హాని కలుగును. నల్లమందు మసి తేమను పీల్చును. పాత .303 తూటా అడుగున పేలెడి మసాలా కాలిన పిమ్మట గొట్టములో ఒక విధమైన లవణమును విడుచును. లవణము నీటిలో కరగునే గాని నూనెలో కరగదు. అందుచేతనే వెనుకటి సైనికులు కాల్పు ముగియగానే గొట్టములో మరగుచున్న నీరు పోసి కడిగి, ఆరబెట్టి, అటుపిమ్మట నూనె పూసెడివారు. ఆ పని మరచిన సోమరి చేతి తుపాకికి గొట్టము లోపల మశూచి మచ్చలవంటి గుంటలు నేటికిని కానవచ్చును.

నాలుగవది కొయ్య. సైనిక తుపాకికి తరచుగా అక్రోటుకొయ్య వాడుదురు. దానిని చిత్రిక పట్టరాదు. దళపు గుర్తులు పోవును. పొడిగుడ్డతో తుడిచి, ఎండిపోయిన కొయ్యకు అవిసెనూనెను చాల పలుచగా చేతితో రుద్దినచో చాలును. విరిగిన దిమ్మను అతుకునప్పుడు ఆ అతుకు తిరిగి విప్పుటకు వీలుగా నుండవలెను. రేపు మనకన్న తెలిసినవాడు వచ్చి మన పనిని సరిదిద్దుటకు వీలుండవలెనను వినయము ఈ విద్యలో మొదటి సూత్రము.

ఐదవది నిలువ. మనది డెల్టా. ముంగారు వానలు, కాలువల తేమ, బందరు వైపు నుండి ఉప్పుగాలి, ఈ మూడును ఇనుమునకు శత్రువులే. గాలిలో తేమ నూటికి అరువది పాళ్ళు దాటినచో తుప్పు వేగమందుకొనును. ఉప్పు తోడైనచో అంతకన్న ముందే మొదలిడును. కావున గోనెలో చుట్టరాదు. గోనె తేమను పట్టి యుంచును. తోలుసంచియు మంచిది కాదు. తడిగోడకు తగిలింపరాదు. శుభ్రమైన నూలుగుడ్డపై పడుకోబెట్టి, ఇనుమునకు పలుచగా మైనము పట్టించి, వానకాలమున నెలకొకసారి చూచుకొనవలెను. వట్టిచేతితో ముట్టరాదు, చేతి చెమటలో ఉప్పున్నది. వేలిముద్ర పడినచోట వేలిముద్రవలెనే తుప్పు పుట్టును.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన చట్టము మాట. 1878 నాటి ఆయుధచట్టము భారతీయునకు అనుమతి లేనిదే ఆయుధము పనికిరాదని చెప్పినది. దాని స్థానమున స్వతంత్రభారతపు 1959 నాటి చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 45వ సెక్షను ప్రకారము కాలము చెల్లిన నమూనాదిగాని, పురావస్తువుగా విలువగలదిగాని, చెడిపోయినదిగాని అయి, మరమ్మతు చేసినను చేయకున్నను పేల్చుటకు వీలుకాని ఆయుధమునకు ఈ చట్టము వర్తింపదు. ఇందు 'మరమ్మతు చేసినను' అను మాట శ్రద్ధగా చదువదగినది. ప్రాతది యైనంతమాత్రమున చట్టము విడువదు. పేల్చుటకు ఏ విధముగను వీలుకాకుండవలెను. ఆ నిర్ణయము చేయవలసినది ఇంటియజమాని కాదు. కావున దొరకిన వెంటనే ఠాణాలో తెలిపి, జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయమునందో, విజయవాడవంటి నగరములలో పోలీసు కమిషనరు కార్యాలయమునందో విచారింపవలెను. .303 తుపాకులు సైన్యపు తూటాను పేల్చగలవి గనుక సామాన్యులకు నిషిద్ధపు తరగతిలో నున్నవి. 2019 సవరణ ననుసరించి అనుమతి గలవారికిని రెండింటికి మించిన ఆయుధములు ఉండరాదు. అమెరికావంటి దేశములలో మన ఇషాపూరు తుపాకులను అంగడిలో కొని సేకరించువారున్నారు. మనకు ఆ దారి లేదు. వంద సంవత్సరములు దాటిన పురావస్తువులను అనుమతి లేక విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించుచున్నది.

ఇన్ని చిక్కులున్నప్పుడు ఎందుకీ శ్రమ, హింసాసాధనమును భద్రపరచుట హింసను మెచ్చుకొనుట కాదా యని కొందరడుగుదురు. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియమునకు ఒకమారు వెళ్ళిరండు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవము పేర 1887లో రాబర్టు స్యూయెలు శంకుస్థాపన చేసిన భవనమది. 1921లో పింగళి వెంకయ్యగారు పతాకపు నమూనాను గాంధీమహాత్మునకు సమర్పించినది ఆ భవనమునందే. ఆ కప్పు క్రిందనే నేడు కత్తులు, డాళ్ళు, కవచములు ఉన్నవి. రాణిపేర కట్టిన ఇల్లు, మహాత్ముని స్మృతి, పాత ఆయుధములు ఒకచోట చేరియుండుటలో వింత యేమియు లేదు. ఎవరు ఏ బలముతో మనలను ఏలిరో చూచినవారికే ఆయుధము పట్టని బలము విలువ తెలియును.

మీ అటకపై అట్టిది ఉన్నచో దానిని దాచకుడు, పారవేయకుడు, మెరుగు పెట్టకుడు. చట్టమునకు తెలుపుడు, దాని కథ వ్రాసికొనుడు, ఇంటిలో ఉంచుటకు వీలులేనిచో మ్యూజియమువారికి ఇచ్చుటకు దారి యేదో అధికారులనే అడుగుడు. పేలుట మానిన తుపాకి ఇక చేయగలిగినది ఒక్కటే పని, సాక్ష్యము చెప్పుట. ఆ సాక్షి ముఖమును మనచేతులతో చెరపివేయకుందుము గాక.