కొండ మెట్లెక్కిన కొత్త పంతులమ్మ

విజయవాడ: మొదటి రోజు హాజరు పిలిస్తే పలికింది పదకొండు మంది. పట్టీలో పేర్లు ఇరవై ఆరు. గంట గడిచాక మరో అయిదుగురు తడి చేతులు చొక్కాలకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. 'ఇప్పుడా రావడం?' అని కొత్త టీచరు గదిమింది. ఎవ్వరూ నోరు విప్పలేదు.

కొండవాలు పేటల పిల్లలు చదివే ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాల అది. ఆమెది దివిసీమలో ఒక పల్లె. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే, అందులో ఒక ఎస్జీటీ ఉద్యోగం ఆమెకు దక్కింది. పియాజే, వైగాట్‌స్కీ సిద్ధాంతాలు ఆమెకు కంఠోపాఠం. మూడో తరగతి పిల్లవాడు 'క' గుణింతం దగ్గరే ఆగిపోతే ఏం చేయాలో మాత్రం ఏ గైడులోనూ దొరకలేదు. పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. వెనకబడిన వాడికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అదే చట్టం చెబుతుంది. చేర్చుకోవడానికి ఒక సంతకం చాలు. రెండో దానికి మనిషి కావాలి, తీరిక కావాలి.

గుణింతం దగ్గర ఆగిన ఆ పిల్లవాడే రోజూ ఆలస్యం. రెండు వారాలు చూసి, ఒక సాయంత్రం ఆమె వాడి వెంట కొండెక్కింది. సగం మెట్లకే ఆయాసం వచ్చింది. వాడు రెండేసి మెట్లు దాటుకుంటూ పోయాడు.

'కుళాయి పొద్దున్నే వచ్చుద్దమ్మా. నేనేమో ఆరింటికల్లా పాచిపనికి దిగాలి. బిందెలు వీడే మొయ్యాలి, చంటిదాన్నీ వీడే చూడాలి' అన్నది తల్లి. 'చదవకపోతే తోలు తియ్యండి, కళ్లు మాత్రం వదిలెయ్యండి' అని కూడా అన్నది. కొట్టడం చట్టం ఒప్పదని టీచరు చెబితే నవ్వింది.

అసలు మాట ఆమె గడప దాటే ముందు వచ్చింది. 'తల్లికి వందనం' సొమ్ము రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 2025 జూన్‌లో ఆ పథకం కింద ఒక్కో పిల్లవాడికి 13,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. 'రాని రోజు కూడా వచ్చినట్టు వేసెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటది.'

వేయనన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాని రోజుల సంగతి సరే, ఆలస్యంగా వచ్చిన రోజుల మాటేమిటి? పొద్దుటే హాజరు ఫోనులో ఎక్కించేస్తున్నది తనే. ఆ తర్వాత బిందెలు మోసి, పరుగున వచ్చి కూర్చున్నవాడు లెక్కలో లేడు. తప్పుడు హాజరు వేయనన్న మనిషి అన్నాళ్లూ వేసింది మరో రకం తప్పుడు హాజరే.

హెడ్మాస్టరుతో మాట్లాడి, ఇప్పుడు గంట ఆగి హాజరు వేస్తున్నది. చంటిదాన్ని వచ్చే దారిలోనే అంగన్‌వాడీలో దింపే ఏర్పాటు జరిగింది. ఆయా రాని రోజున చెల్లెలు కూడా మూడో తరగతే. అన్న ఒత్తులు లేని మాటలు కూడబలుక్కుంటుంటే పక్కన చాప మీద నిద్రపోతుంది.

ఇరవై రెండు మంది బడికి వస్తున్నారు. తక్కిన నలుగురిలో ఇద్దరి ఇంటికి తాళం. ఇటుక బట్టీకి పోయారని ఇరుగుపొరుగు చెప్పారు. ఏ ఊరి బట్టీయో మేస్త్రీకి తెలుసట. అతను ఆదివారం పూటే ఇంట్లో దొరుకుతాడు.