తల ఉడకకుండా జుట్టుకు రంగెలా?

సూరత్‌లోని పాండేసరా డైయింగ్ మిల్లుల్లో పాలియెస్టర్ బట్టకు రంగు పట్టాలంటే దాదాపు 130 డిగ్రీల వేడి, దానికి తోడు ఒత్తిడీ కావాలి. లింబాయత్‌లోని తెలుగు నేత కుటుంబాల పిల్లలు ఈ రంగుల లోకం చూస్తూనే పెరుగుతారు. మరి అదే ఊరి సెలూన్‌లో, ఏ మంటా లేకుండా, జుట్టుకు రంగెలా పడుతోంది?

కిటుకంతా అణువుల సైజులో ఉంది. వెంట్రుక మీద ఇంటి పెంకుల్లా పొలుసులుంటాయి. రంగు క్రీములోని అమోనియా వెంట్రుకను ఉబ్బించి వాటిని తెరుస్తుంది. పీపీడీ లాంటి చిన్న, రంగులేని అణువులు లోపలికి దూరతాయి. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే ఒకదానితో ఒకటి కలిసి పెద్ద రంగు అణువులవుతాయి. ఇక వచ్చిన దారిన బయటపడటం కష్టమే!

సెలూన్‌లో పనివాళ్లు "పదా, ఇరవయ్యా?" అని ఒకరినొకరు అడిగేది ఈ పెరాక్సైడ్ గాఢత గురించే. ఆ గాఢతను వాల్యూమ్‌లలో చెబుతారు; 20 వాల్యూమ్ అంటే 6 శాతం. తెల్లజుట్టు కప్పడానికి మామూలుగా అది చాలు. అంకె పెరిగేకొద్దీ సహజ రంగు ఎక్కువ పోతుంది, జుట్టుకు దెబ్బా ఎక్కువే.

1907లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త యూజీన్ షూలర్ ఇలాంటి రంగులు చేసి పారిస్ సెలూన్లకు అమ్మాడు. ఆ వ్యాపారమే నేటి లోరియల్.

పీపీడీ కొందరికి పడదు. అందుకే 48 గంటల ముందే చర్మంపై కాస్త రాసి చూడాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టే సెలూన్‌కు వెళ్లొద్దని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.