పురుగుకి ఉన్న నరమే మనకీ ఉంది

ఈసారి గూళ్ల ధర గురించి కాదు, మన నరాల గురించి, మెదడు గురించి రాస్తున్నాం. ఇది డాక్టర్లు రాయాల్సిన సంగతి కదా అనొచ్చు. మా ఇంట్లో జరిగింది చదివితే మేమెందుకు రాస్తున్నామో మీకే తెలుస్తుంది.

పోయిన ఏడు ఎండాకాలంలో 150 గుడ్లు మేపినాం. నాలుగో జ్వరం దాటి మూడో రోజు. పొద్దున వేసిన ఆకు తిన్న కొంచెంసేపటికే పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టినాయి. పచ్చటి నీళ్లు కక్కినాయి. ఒళ్లు ముడుచుకొని పొట్టిగా అయిపోయినాయి. సాయంత్రానికి సగం పోయినాయి. ముందురోజు పక్క చేనులో టమాటాకి మందు కొట్టినారు, గాలి మా తోట వైపు ఉండె. ఈ బాధ మీలో చాలామందికి తెలిసిందే.

అదే నెలలో మా బావ ఇంకో తోటలో తామర పురుగు ఎక్కువైందని మల్బరీకి మందు కొట్టినాడు. మిట్టమధ్యాహ్నం, పాత చొక్కా, లుంగీ, ముఖానికి గుడ్డ కూడా లేదు. పంపు కారి వీపంతా తడిసింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా చెమట, నోట్లో చొల్లు, కళ్లల్లో నీళ్లు, వాంతులు. చేతి కండలు వాటంతటవే అదురుతున్నాయి. మేము ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగించి పడుకోబెట్టినాం. అదే మా తప్పు. ఊపిరి బరువయ్యాక ఆస్పత్రికి పరిగెత్తినాం. డాక్టరమ్మ కళ్లల్లో లైటు వేసి చూసింది. కంటిపాప సూదిమొనంత చిన్నదైపోయింది. "ఏం మందు కొట్టినారు, డబ్బా ఏదీ?" అని అడిగింది. మేము తీసుకుపోలేదు. బావ నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికొచ్చినాడు. ఆ రోజు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: "మీ పురుగులకి ఏమైందో మీ బావకీ అదే అయింది."

*నరం ఎట్లా పని చేస్తుంది*

మనిషి మెదడు సుమారు 1.4 కిలోలు. ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఒంట్లోకి పోయే ఆక్సిజన్‌లో 20 శాతం అదే వాడుకుంటుంది. దాంట్లో సుమారు 8,600 కోట్ల నరకణాలు ఉన్నాయి. మెదడు నుంచి వెన్నుపాము, అక్కడి నుంచి కాళ్లు చేతులు, గుండె, పేగుల దాకా నరాలు. వేగంగా పోయే నరంలో కబురు సెకండుకి 100 మీటర్ల దాకా పోతుంది. పొయ్యి తగిలితే, నొప్పి అని మనకి తెలిసేలోపే వెన్నుపాము చెయ్యి వెనక్కి లాగేస్తుంది.

ఒక నరకణానికీ ఇంకోదానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆ సందు దాటడానికి కబురు ఒక రసాయనం రూపంలో పోతుంది. అలాంటి వాటిలో ఒకటి అసిటైల్‌కోలిన్. కాలువలో మడవ తీస్తే నీళ్లు పారినట్టు, అది వచ్చి తగిలితే కండ కదులుతుంది. పని అయిపోగానే మడవ మూయాలి కదా, ఆ పని చేసేది కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్.

ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు ఈ మడవ మూసేవాడి చేతులు కట్టేస్తాయి. నీళ్లు పారుతూనే ఉంటాయి. అందుకే చెమట, చొల్లు, వాంతి, కండల అదురు ఆగవు. చివరికి ఊపిరి తీసే కండలు సత్తువ లేక ఆగిపోతాయి. పట్టుపురుగుకి కూడా తలలో చిన్న మెదడు, కడుపు కింద పొడుగునా నరాల గొలుసు ఉన్నాయి. వాటిలో పని చేసేదీ ఇదే రసాయనం, ఇదే ఎంజైమ్. చిన్న ప్రాణం కాబట్టి ముందు పడిపోతుంది, అంతే తేడా.

ఇంకో సంగతి. దెబ్బతిన్న ఎంజైమ్ తిరిగి మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. ఈలోపు మళ్లీ మళ్లీ కొడితే నష్టం కూడుకుంటూ పోతుంది. మందు కొట్టిన రాత్రి తలనొప్పి, కడుపులో తిప్పు వస్తే "అలసట" అని కొట్టిపారేయొద్దు.

*మనం చేయాల్సింది*

• డైక్లోర్‌వాస్ మన దేశంలో 2020 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధం. పాత డబ్బా ఇంట్లో ఉన్నా వాడొద్దు.
• ఎండలో, ఎదురుగాలిలో కొట్టొద్దు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, గ్లౌజులు, మాస్కు వేసుకోండి. ఈ మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. కారే పంపు ముట్టొద్దు.
• ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో బాగా కడగండి. సాయం చేసేవాళ్లూ గ్లౌజులు వేసుకోవాలి.
• పైన చెప్పిన గుర్తులు కనబడితే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, పాలు, మజ్జిగ పోయొద్దు. మందు డబ్బానో, దాని ఫోటోనో వెంట తీసుకుపోండి. దీనికి అట్రోపిన్ సూదిమందు ఉంది, ఎంత తొందరగా పడితే అంత మంచిది.

*జ్వరంలో పురుగుని ముట్టుకోం, మరి మనం?*

పురుగు జ్వరంలో ఉంటే మేత ఆపుతాం, సున్నం చల్లుతాం, గాలి ఆడనిస్తాం, అటు పోయి కదిలించం. దాని నిద్ర చెడితే గూడు చెడుతుందని తెలుసు. మనం మాత్రం చివరి వారం అంతా రాత్రి రెండు గంటలకి లేచి ఆకు వేస్తాం. నిద్రలోనే మెదడు పగలు నేర్చింది గట్టిచేసుకుంటుంది. పెద్దవాళ్లకి కనీసం 7 గంటలు కావాలి. నెలల తరబడి నిద్ర తక్కువైతే బీపీ పెరుగుతుంది. కొమ్మలతో మేపేవాళ్లకి రోజుకి మూడు మేపులు చాలు. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. రాత్రి మేపు నిండుగా వేసి పడుకోండి. మేము ఇట్లా మార్చి నాలుగు పంటలు అయినాయి, గూడు తగ్గలేదు.

బీపీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. పక్షవాతానికి అతి పెద్ద కారణం అదే. మా ఊర్లో ఒకాయనకి, పండిన పురుగులు చంద్రికలకి ఎక్కించే రోజే మూతి వంకర పోయి మాట తడబడింది. "ఈ పని కానీ, రేపు పోదాం" అన్నారు. మరునాడు పోయేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు ఆయన కుడి చేత్తో ముద్ద కూడా తినలేడు. మూతి వంకర, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబాటు, ఈ మూడింట్లో ఏది ఒక్కసారిగా వచ్చినా ఆకుపసరు, మర్దన అని ఆగొద్దు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదిమందు, మొదలైన నాలుగున్నర గంటల లోపే పని చేస్తుంది. స్కానింగ్ ఉన్న ఆస్పత్రికే నేరుగా పోవాలి. ఎప్పుడు మొదలైందో టైము గుర్తు పెట్టుకోండి.

నలభై దాటినవాళ్లు గూళ్లు వేసుకొని మార్కెట్‌కి పోయిన రోజే బీపీ, షుగర్ చూపించుకొని రండి. బీడీ, గుట్కా, సారాయి ఎంత దూరం పెడితే మెదడుకి అంత మంచిది.

పంట పోతే నెలన్నరలో ఇంకో పంట తీయొచ్చు అన్నా, అక్కా. బావ పడిపోయిన రోజు మాకు పురుగులు పోయిన బాధ గుర్తే రాలేదు. ఇంట్లో మందు కొట్టేది ఎవరైతే వాళ్లకి ఇది చదివి వినిపించండి.