గాలి తుపాకీకి కుదురు నేర్పిన కథ

ఒక్కసారి గాలి నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం చేతికి వచ్చిన గిరాండోనీ గాలి తుపాకీ సంగతి ఇది. టిరోల్ ప్రాంతపు పనివాడు బార్తలోమియస్ గిరాండోనీ దీన్ని తయారుచేశాడు. భుజానికి ఆనించే వెనుక భాగమే గాలి సీసా. పక్కనున్న గొట్టంలో 20 సీసపు గుండ్లు పట్టేవి. మందు దట్టించి, ఒక్కొక్క గుండూ కూరుకుంటూ కూర్చునే ఆ రోజుల్లో, పొగ లేకుండా వరసగా గుండ్లు వదిలే తుపాకీ ఎంత వింతగా కనిపించిందో ఊహించుకోవచ్చు. 1803లో అమెరికా పడమటి దిక్కుకు బయలుదేరిన మెరివెదర్ లూయిస్ కూడా ఒక గాలి తుపాకీ తీసుకెళ్లి, దారిలో ఎదురైన స్థానిక తెగలకు పేల్చి చూపించాడు. అదీ గిరాండోనీ రకమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

అయినా అది నిలవలేదు. సీసా అతుకుల్లోంచి గాలి కారిపోయేది. బాగుచేయడానికి ప్రత్యేకంగా నేర్చినవాళ్లు కావాలి. 1815 నాటికి సైన్యం దాన్ని పక్కన పెట్టేసింది. ఆ తర్వాత గాలి తుపాకీ హోదా బాగా పడిపోయింది. 1888లో అమెరికాలోని ప్లిమత్ పట్టణంలో గాలిమరల కంపెనీ ఒకటి, మర కొన్న రైతులకు పిల్లలాట తుపాకీని కానుకగా ఇచ్చింది. మరల కన్నా కానుకకే గిరాకీ పెరగడంతో 1895లో కంపెనీ పేరే ‘డైసీ’గా మార్చుకుంది!

వేటకు పనికొచ్చే గాలి రైఫిల్‌కు దారి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పడింది. 1904లో లింకన్ జెఫ్రీస్ పేటెంట్ పొందిన నమూనాను బీఎస్ఏ కంపెనీ ఆ మరుసటేడు నుంచి తయారుచేసింది. బ్యారెల్ కదలదు, దాని కిందున్న మీటను లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. అంతకుముందు చాలా తుపాకులకు బ్యారెల్‌నే విరిచి వంచాల్సి వచ్చేది, దాంతో గురి సడలే ప్రమాదం ఉండేది.

ఇందులో గాలిని ముందే నింపి ఉంచడం లేదు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ ముందున్న కాస్త గాలి రెప్పపాటులో నలిగి, ఒత్తిడితో పాటు వేడీ పెరిగి, పెల్లెట్ అనే చిన్న గుండును నెట్టేస్తుంది. సైకిల్ పంపు కొడితే అడుగు భాగం వెచ్చబడేదీ ఇందువల్లే. చిక్కల్లా పిస్టన్ బరువుతోనే. అది ముందుకు దూకితే తుపాకీ వెనక్కి తన్నుతుంది. నలిగిన గాలిని గుద్దుకుని పిస్టన్ ఆగబోతే తుపాకీ ముందుకు ఉలిక్కిపడుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే ఈ కుదుపు మొదలైపోతుంది. మామూలు రైఫిల్ టెలిస్కోప్ బిగిస్తే కొన్నాళ్లకే పాడయ్యేది ఈ రెండు వైపుల కుదుపు వల్లే. ఈ తుపాకీని గట్టిగా పట్టుకుంటే గురి తప్పుతుంది. అరచేతిలో వదులుగా ఆనించి, దాని కుదుపును దాన్నే పడనివ్వాలి.

ఇక వేట సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు కుందేలును కొట్టడం కూడా నేరమే. ఇక్కడ గాలి రైఫిల్ గౌరవం పది మీటర్ల పోటీలోనే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిపెట్టింది ఆ పోటీయే. బ్రిటన్‌లో పరిస్థితి వేరు. పైరు కొరికే కుందేళ్లను, గింజల గోదాముల్లోని ఎలుకలను రైతు అనుమతితో గాలి రైఫిల్‌తో కొట్టడం అక్కడ చట్టబద్ధం. కానీ ఇంగ్లండ్‌లో ఫైరార్మ్ సర్టిఫికెట్ లేకుండా ఉంచుకునే గాలి రైఫిల్ శక్తి 12 ఫుట్-పౌండ్లు, అంటే 16.3 జౌళ్లు, మించకూడదు.

అంత తక్కువ శక్తితో గుండెకో పొట్టకో గురిపెట్టడం క్రూరత్వం. పెల్లెట్ చేసే గాయం చిన్నది. తగిలిన జంతువు బొరియలోకి దూరి గంటల తరబడి యాతన పడి చస్తుంది. మెదడుకు తగిలితేనే తక్షణ మరణం. కుందేలుకు ఆ చోటు సుమారు 25 మిల్లీమీటర్ల వెడల్పు. కాబట్టి తుపాకీని ఎన్నుకునేవాడు మొదట అడగాల్సింది ‘ఎంత బలంగా కొడుతుంది?’ అని కాదు, ‘ప్రతిసారీ అక్కడే కొడుతుందా?’ అని. పెట్టె మీద ‘సెకనుకు 1000 అడుగులు’ అని రాసి ఉంటే నాకైతే అనుమానమే. అలాంటి అంకెలు తరచు మరీ తేలిక పెల్లెట్లతో రాబట్టినవి. ధ్వని వేగాన్ని సమీపిస్తే పెల్లెట్ తడబడుతుంది కూడా.

పెల్లెట్ సైజు మీద బ్రిటిష్ వేటగాళ్ల వాదన ఎప్పటికీ తెగదు. ఈకలకు చిన్నది, బొచ్చుకు పెద్దది అన్నది వాళ్ల పాత మాట. లెక్క వేసి చూద్దాం. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సుమారు 0.54 గ్రాములుంటే, చట్టపు హద్దు లోపల సెకనుకు 240 మీటర్ల దాకా పోతుంది. 5.5 మిల్లీమీటర్లది ఒక గ్రాము పైచిలుకు. వేగం 175 దగ్గర ఆగుతుంది. నెమ్మదిగా పోయేది దారిలో ఎక్కువ కిందికి జారుతుంది, అందుకే దూరం అంచనా అయిదారు మీటర్లు తప్పినా గురి చెదురుతుంది. పెద్దది తగిలితే గాయం పెద్దదే, కానీ ముందు తగలాలి కదా! దూరం కొలవడంలో చేయి తిరగనివాడికి చిన్న సైజే మేలని నా లెక్క.

కుదుపు బాధను తీర్చింది మాత్రం గిరాండోనీ పాత ఆలోచనే. 1980ల నుంచి బ్రిటన్‌లో ముందే గాలి నింపే రైఫిళ్లు మళ్లీ మార్కెట్‌కి వచ్చాయి. ఇప్పుడు 1500 సార్లు పంపు కొట్టనక్కర్లేదు, నీటి అడుగున ఈదే డైవర్లు వాడే ట్యాంకు నుంచి 200 బార్ల దాకా నింపేయొచ్చు. దూకే పిస్టన్ లేదు కాబట్టి కుదుపు దాదాపు లేనట్టే. అయితే చట్టపు హద్దు దీనికీ అదే. అంతా కలిపి స్ప్రింగు రైఫిల్‌కు రెండు మూడు రెట్ల డబ్బు పోసి కొన్నా దెబ్బలో బలం రవ్వంత పెరగదు. పెరిగేది కుదురు మాత్రమే. సీసాలో ఒత్తిడి పడిపోయే కొద్దీ పెల్లెట్ వేగం మారుతుంది గనుక, గాలిని సమంగా వదిలే రెగ్యులేటర్ ఉన్నది తీసుకుంటే మంచిది.

ఏది కొన్నా పరీక్ష ఒక్కటే. కాగితం మీద 25 మిల్లీమీటర్ల సున్నా గీసి, బల్ల మీద కాక పొలంలో కూర్చునే తీరులోనే కూర్చుని అయిదు పెల్లెట్లు కొట్టాలి. అన్నీ లోపల పడితే అయిదు మీటర్లు వెనక్కి జరగాలి. ఒక్కటి బయట పడిందా, దానికి ముందు కూర్చున్న దూరమే ఆ కొట్టినవాడి వేట హద్దు. స్ప్రింగు రైఫిల్‌తో చాలామందికి అది పాతిక, ముప్పై మీటర్ల దగ్గరే తేలుతుంది; గాలి వీచే రోజున ఇంకా తగ్గుతుంది.