సంఘపు కంప్యూటరునకు ఉమ్మడి సహాయగ్రంథము

తొలకరికి ముందు పంట అప్పు తిరగవ్రాయించుకొనుటకు సంఘకార్యాలయమునకు పోయిన రైతు “కంప్యూటరులో ఎక్కుట లేదు, రేపు రండి” అను మాట విని మరలివచ్చుట శావల్యాపురము చుట్టుపట్ల క్రొత్త గాదు. లోపము పలుమారు యంత్రమునది కాదు. పని యెఱిగిన గుమాస్తా సెలవులో నుండును. బల్లయొద్ద కూర్చున్నవానికి ఆ మెట్లు ఎవ్వరును చెప్పియుండరు. ఇట్టి రేపులు నాలుగైనచో విత్తనమునకు అదను తప్పును; సకాలమున చెల్లించినవారికి వచ్చు వడ్డీ రాయితీయు చేజారవచ్చును.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. తొలుత 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయలు నిర్ణయింపబడెను. దేశమంతటికి సాఫ్టువేరు ఒక్కటే యుండవలెనని ఏర్పాటు. ఈ ఏర్పాటున మనకొక మేలు కలదు. మాచర్లలో గుమాస్తాకు తట్టిన చిక్కే వినుకొండలోను తట్టును. మాచర్లవారు విప్పిన ముడిని వ్రాసిపెట్టినచో వినుకొండవారు మరల తల బ్రద్దలు కొట్టుకొన నక్కఱలేదు. కాని ఎచ్చట వ్రాయవలెను?

అచ్చుపుస్తకము చాలదా యని కొందరడుగుదురు. సాఫ్టువేరు కొన్ని మాసముల కొకమారు మారును, పుస్తకము మారదు. నిరుడు ఎడమవైపున నున్న మీట ఈ యేడు కుడివైపునకు పోయినచో పుస్తకము చదివినవాడే ఎక్కువ తికమకపడును. ఇందులకై పుట్టినదే వికీ. వార్డు కన్నింగుహాము అను అమెరికా దేశీయుడు, ప్రోగ్రాములు వ్రాయువారు తమ యనుభవమును ఒండొరులకు తెలుపుకొనుటకై, 1995 మార్చి 25వ తేదీన మొదటి వికీని ప్రజల కందించెను. హవాయి భాషలో ఈ మాటకు త్వరగా అని యర్థము. హొనొలూలూ విమానాశ్రయపు బస్సు పేరునుండి ఆయన దానిని గైకొనెను. వికీ యనగా చదువువాడే దిద్దగల పుస్తకము.

తెలుగువారికి ఇది పరాయిది గాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానికి శ్రీకారము చుట్టినవారు వెన్న నాగార్జున గారు. మొదటి యేడాది అందు వ్యాసములు బహు కొద్ది. 2005 నుండి వ్రాయువారు కూడుకొనగా పెరిగినది. జీతము లేని వారే వ్రాయుదురు, వారే దిద్దుదురు. అందఱు కూడి మాటలాడుకొను పుటకు రచ్చబండ యనియు, రెండు మూడు వాక్యములతో నిలిచిన వ్యాసమునకు మొలక యనియు వారు పేర్లు పెట్టుకొనిరి. రైతుబిడ్డలు పెట్టిన పేర్లే యని మాకు తోచును! అందొక హెచ్చరికయు కలదు. గ్రామములకు పుటలు యంత్రసహాయమున వేలకొలది ఒక్కమారుగా సృష్టింపబడెను. వానిలో పెక్కు చాలకాలము మొలకలుగానే యుండెను. విత్తనము చల్లుట సులభమే, కలుపు తీయువారే తక్కువ.

“ఎవడైనను దిద్దవచ్చునన్న ఎవడైనను చెఱుపవచ్చును గదా?” అను శంక న్యాయమైనదే. మన చిట్టాను తలచుకొనుడు. అందు అంకె చెఱిపి వ్రాయరు. కొట్టివేసి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకము చేయుదురు. వికీయు అంతే. ప్రతి మార్పునకు చేసినవాని పేరు, తేదీ, గడియ నిలుచును, పాతపుట పోదు, తప్పు వ్రాసినచో ఒక్క మీటతో వెనుకటి పుటను నిలుపవచ్చును. అయినను మన సహాయగ్రంథమును అందఱు చదువవచ్చునుగాని, పేరు నమోదు చేసికొన్న సంఘోద్యోగులు, సభ్యులు మాత్రమే వ్రాయుట మేలని మా యభిప్రాయము. తలుపులు బార్లా తెఱచిన వికీలలో ప్రకటనలవారు చొరబడి పుటలు నింపుదురు.

వికీపీడియాను నడపు మీడియావికీ యను సాఫ్టువేరును ఎవ్వరైనను రుసుము లేక వాడుకొనవచ్చును. దానిని నెలకొల్పుట కంప్యూటరు చదివిన యువకునికి పెద్ద పని గాదు. అసలు పని తరువాతిది. తొలుత పది పుటలు చాలును: అప్పు తిరగవ్రాయుట, జమ రెండుమారులు పడినచో సవరించుట, వాయిదా తేదీ తప్పుగా ఎక్కినచో చేయవలసినది, ఇట్టివి. పుట పేరు కార్యాలయమున అడుగు మాటలలోనే యుండవలెను. లేనిచో వెదకువానికి దొరకదు. పుటకు పైన ఏ తేదీనాటి సాఫ్టువేరునకు వ్రాసినదో తెలుపవలెను. తెర బొమ్మ పెట్టునపుడు సభ్యుని పేరు, ఖాతా సంఖ్య, ఆధారు సంఖ్య కప్పివేయక పెట్టరాదు; ఇందు మినహాయింపు లేదు. ప్రభుత్వపు ఉత్తరువునకును మన పుటకును తేడా వచ్చినచో ఉత్తరువే ప్రమాణము, పుటను దిద్దవలెను.

రైతు ఇందేమి చేయును? లోపము మొదట కనుగొనువాడు అతడే. రసీదులో నొకటి, ఖాతాలో మఱియొకటి యున్నచో గుమాస్తాకు చెప్పుటతోపాటు, అంకెలు పేర్లు విడిచి, పుటకు జతయైన చర్చాపుటలో “ఇట్లు జరిగినది” అని తన మాటలలో వ్రాయవచ్చును. ఇప్పటి చేతిఫోనులు నోట పలికిన తెలుగునే అక్షరములుగా మార్చును.

పుటలను కనిపెట్టుటకు ముగ్గురు నిర్వాహకులు వలయును, మూడు వేఱువేఱు సంఘములనుండి. ఒకే యూరివాడైనచో అతడు పోయిననాడు బోదె పూడినట్లే, చివరి పొలమునకు నీరందదు. సర్వరు అద్దెను సంఘములు పంచుకొనిన భారము స్వల్పము. మాసమున కొకమారు పుటలన్నిటి నకలు వేఱొక కంప్యూటరున దాచవలెను. ఇంటర్నెట్టు రాని దినములకై ఆ పది పుటలను, పైన తేదీ వేసి, అచ్చొత్తి గుమాస్తా బల్లయొద్ద వ్రేలాడదీయవలెను.