పాము విషంలో నరాలకు తిండి
1938లో ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చి యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టింది. ట్యూరిన్‌లో వైద్యం చదివిన యూదు మహిళ రీటా లెవి-మోంటాల్చినీ తన పడకగదినే ప్రయోగశాల చేసుకున్నారు. కుట్టుసూదులను సానపట్టి కత్తులుగా వాడుతూ, గుడ్డులోని కోడిపిండానికి అప్పుడే మొలుస్తున్న కాలిని తీసేసి, వెన్నుపాములో ఏం జరుగుతుందో చూసేవారు. అలాంటి ప్రయోగమే అంతకుముందు చేసిన శాస్త్రవేత్త విక్టర్ హాంబర్గర్, అవయవం లేకపోతే నాడీకణాలు తయారే కావనుకున్నారు. రీటాకు కనిపించింది వేరు. కణాలు పుడుతున్నాయి, కాలివైపు సాగుతున్నాయి, అక్కడేమీ అందక చస్తున్నాయి. తనతో విభేదించిన మనిషినే హాంబర్గర్ అమెరికాకు, సెయింట్ లూయిస్‌కు పిలిపించుకున్నారు. ఆ పెద్దమనసు అరుదు.

అందాల్సినదేమిటో తెలిసే దారి ఎలుక కణితిలో దొరికింది. కణితి ముక్కను కోడిపిండానికి అతికిస్తే నరాలు దానిలోకి విరగబడి పెరిగాయి. 1952లో రీటా కణితులున్న రెండు చిట్టెలుకలను వెంటబెట్టుకుని రియో డి జనీరోకు విమానమెక్కారు. అక్కడి ప్రయోగశాలలో గాజుపలక మీద నాడీకణాల గుత్తినీ, పక్కనే కణితి ముక్కనూ పెంచితే, ఒక్క రోజులోనే గుత్తి చుట్టూ సన్నని పోగులు సూర్యకిరణాల్లా పొడుచుకొచ్చాయి. అంటే కణితి నుంచి ఏదో పదార్థం ఊరుతోంది.

దాన్ని విడదీసే పని 1953లో సెయింట్ లూయిస్ బృందంలో చేరిన స్టాన్లీ కోహెన్‌ది. ఆయన తీసిన రసంలో ప్రొటీనూ ఉంది, న్యూక్లిక్ ఆమ్లమూ ఉంది. అసలు పని ఏది చేస్తోంది? న్యూక్లిక్ ఆమ్లాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ పాము విషంలో ఉంటుంది కనుక కాస్త విషం కలిపారు. పోగులు ఆగిపోలేదు సరికదా, ఇంకా దట్టమయ్యాయి. పోల్చిచూడటానికి కణితి రసం లేకుండా వట్టి విషమే వేసి చూస్తే, అసలు సరుకు అందులోనే దండిగా ఉందని తేలింది! ఆ పరీక్ష మానేసి ఉంటే కథ మరోలా నడిచేది. పాముకు విషగ్రంథి అంటే రూపం మారిన లాలాజల గ్రంథే. కోహెన్ అక్కణ్నుంచి మగ చిట్టెలుకల లాలాజల గ్రంథికి వెళ్లారు. అక్కడా పుష్కలంగా దొరికింది. అది ప్రొటీనే. పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. దాన్ని అడ్డుకునే సీరమ్‌ను అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే సహానుభూత (సింపథెటిక్) నాడీకణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇది ఎదుగుదలకే కాదు, బతకడానికీ కావాలన్నమాట.

1986 నోబెల్ రీటాకూ కోహెన్‌కూ వచ్చింది. హాంబర్గర్‌ను వదిలేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అయితే కండరాలను కదిలించే నాడీకణాలకు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ పనికిరాదు. వాటిని బతికించేవి వేరే ఉన్నాయి. 1993లో బయటపడ్డ జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ అలాంటిదే. పిండదశలో ఈ కణాలు అవసరానికి మించి పుడతాయి. కండరాన్ని చేరి, అది ఇచ్చే పోషకాలు అందుకున్నవి నిలుస్తాయి, సుమారు సగం రాలిపోతాయి. కండరానికీ నరం కావాలి. నరం తెగితే కండరం వాడి సన్నబడుతుంది.

2018లో అమెరికాలో నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ కంటిచుక్కల మందుగా అనుమతి పొందింది, నరం దెబ్బతిని నల్లగుడ్డు పైపొర మానని రోగులకు. నొప్పిని మోసే నరాలనూ ఇదే రెచ్చగొడుతుంది. అందుకని కీళ్లనొప్పులకు దాన్ని అడ్డుకునే మందు తయారుచేశారు. నొప్పి తగ్గింది కానీ కొందరికి కీళ్లు వేగంగా అరిగిపోయాయి. 2021లో ఆ మందును పక్కన పెట్టేశారు.